ముందు గోడని అరచేత్తో రుద్దండి

నెలకి ఇద్దరు ముగ్గురు అమ్మాయిలైనా అడుగుతారు: "అక్కా, గ్రాఫిటీ మొదలుపెట్టాలనుంది, ఏ స్ప్రే డబ్బా కొనాలి?" డబ్బా సంగతి తర్వాత. మీ వీధిలో ఏదో ఒక గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో గట్టిగా రుద్దండి. చేతికి తెల్లటి పొడి అంటిందా? అయితే అది సున్నం గోడ. దాని మీద మీరేం వేసినా అది గోడకి అంటుకోదు, ఆ పొడికి అంటుకుంటుంది. పొడి రాలిన రోజున బొమ్మ కూడా రాలుతుంది.

నా మొదటి గోడ అలాగే పోయింది. హైదరాబాద్ రాంనగర్‌లో మా ఇంటి వెనక సందులో మా మేనత్త వాళ్ల ప్రహరీ. పది అడుగుల నెమలి వేశాను. అప్పుడు నాకు 19 ఏళ్లు, ఆ వయసులో అందరూ నెమలే వేస్తారు. మొదటి వానలకే నెమలి మెడ అప్పడంలా లేచింది. ఒకరోజు పొద్దున మా మేనత్త దాన్ని చీపురుతో ఊడ్చి చాటలోకి ఎత్తి, "మీ బిడ్డ నెమలీకలు, తీస్కపొండ్రి" అని మా ఇంటికి పంపించింది.

మా నాయన నవ్వలేదు. ఆయన సైన్‌బోర్డులు రాసేవాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్లకి బ్యానర్లు గీసేవాళ్ల దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఫ్లెక్సీలు వచ్చాక ఆయన బ్రష్‌లు అటకెక్కాయి. చాటలోని పెచ్చులు వేళ్లతో నలిపి చూసి, "గోడకి దాహం ఉంటది. ముందు దానికి తాపాలె. లేకుంటే నీ రంగంతా తాగేస్తది" అన్నాడు.

తాపడం అంటే ప్రైమర్, రంగుకి ముందు వేసే కోటు. కానీ దానికన్నా ముందు ఇంకా పని ఉంది. పాత సున్నాన్ని పుట్టీ బ్లేడుతో గీకి, వైర్ బ్రష్‌తో ప్లాస్టరింగ్ కనిపించే దాకా రుద్దాలి. నీళ్లు కొట్టి కడిగి, రెండు రోజులు ఎండనివ్వాలి. సన్న పగుళ్లుంటే వైట్ సిమెంట్ పుట్టీ పట్టించి, అది ఆరాక ఎమరీ కాగితం. అప్పుడు ఎక్స్‌టీరియర్ వాల్ ప్రైమర్ ఒక కోటు. కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడైతే 28 రోజులు ఆగండి. సిమెంట్‌లో తడి, క్షారం దిగక ముందే రంగు వేస్తే మచ్చలు తేలతాయి.

చెమ్మ ఉందేమోనని అనుమానం వస్తే ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగున్నర పాలిథిన్ కవర్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి గాలి పోకుండా అతికించి వదిలేయండి. మర్నాడు పొద్దున కవర్ లోపలి వైపు నీటి చుక్కలు కనిపిస్తే ఆ గోడ వద్దు. వెనక మోరీ ఉన్న గోడలు, అవతలి వైపు మట్టి ఎత్తుగా పోసి ఉన్న గోడలు ఎప్పటికీ ఆరవు. వాటి మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. ఎంత ఖరీదైన రంగైనా ఆ ఉప్పు తోసేస్తుంది.

ఇంకొకటి. మన ఊళ్లో బండలు బాగుంటాయి కదా, వాటి మీద వేద్దామనిపిస్తుంది. వేయకండి. 250 కోట్ల ఏళ్ల గ్రానైట్ మీద కోచింగ్ సెంటర్ ఫోన్ నంబర్లు చూసి నాకు కడుపు మండుతుంది. మన బొమ్మ కూడా ఆ బండకి ఫోన్ నంబరు లాంటిదే.

గోడ అడగడం

నేను గోడ అడగడానికి ఆదివారం పొద్దున పదింటికి వెళ్తాను. ఇంటాయన టిఫిన్ తిని, పేపర్ పట్టుకుని గుమ్మంలో కూర్చునే టైం అది. ముందు రోజే ఆ గోడ ఫోటో తీసుకుని, ఫోటో మీదే బొమ్మ వేసి, ఏ4 కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకుంటాను. "ఏదైనా మంచిది వేస్తాం అంకుల్" అంటే ఎవరూ ఒప్పుకోరు. తన గేటు పక్కన, తన కరెంటు మీటర్ కింద బొమ్మ ఎలా ఉంటుందో కాగితం మీద కనిపిస్తే మాత్రం లోపలికి తిరిగి "ఏమే, ఇటు రా" అని పిలుస్తాడు. ఆమె వచ్చి చూసిందంటే సగం పని అయినట్టే.

ఫోటో మీద వేయడం నా తెలివి కాదు. కాబూల్‌లో గ్రాఫిటీ వేసిన షంసియా హస్సానీ ఉంది కదా, వీధిలో నిలబడి వేస్తే ప్రాణాల మీదకి వచ్చే చోట గోడల ఫోటోలు తెచ్చుకుని వాటి మీదే బొమ్మలు వేసింది. ఆ వరసకి డ్రీమింగ్ గ్రాఫిటీ అని పేరు పెట్టుకుంది. నాకు అంత కష్టం లేదు, పద్ధతి మాత్రం తీసుకున్నాను. గోడ దొరకని రోజుల్లో మీకూ అదే మంచి సాధన. మీ గల్లీలో ఇరవై గోడల ఫోటోలు తీసి, ఇరవై బొమ్మలు వేయండి.

ఓనర్లలో చాలామంది అడిగేది ఒకటే. "దేవుడి బొమ్మ వెయ్యమ్మా, ఎవడూ మూత్రం పొయ్యడు." నేను వేయను. దేవుణ్ని వాచ్‌మన్ డ్యూటీకి పెట్టడం నాకు నచ్చదు. దాని బదులు పెద్ద పెద్ద కళ్లతో రోడ్డు వైపే చూస్తున్న మనిషి ముఖం వేస్తాను. అదీ పని చేస్తుంది, చీకటి పడే దాకా.

సరే అన్నాక ఒక కాగితం రాయించుకోండి. గోడ ఎక్కడుంది, ఎంత కొలత, ఏ బొమ్మ, ఏ తేదీల్లో, కింద ఓనర్ సంతకం, ఫోన్ నంబర్. సంతకం ఓనర్‌దే కావాలి. ఒకసారి అద్దెకున్నాయన మాట నమ్మి పని మొదలుపెట్టాను. మూడో రోజు ఓనర్ వచ్చాడు. నాలుగో రోజుకి గోడ తెల్లగా ఉంది.

అనుమతి లేకుండా గోడల మీద రాయడం, పోస్టర్లు అంటించడం తప్పని చెప్పే చట్టం మనకి 1997 నుంచి ఉంది. పక్కనే రాజకీయ పార్టీ వాళ్లు రాశారు కదా అన్న వాదన పోలీస్ స్టేషన్‌లో పనికి రాదు. ఫ్లైఓవర్ గోడలు, మెట్రో పిల్లర్లు, స్కూలు ప్రహరీలు, వీటికి ఆయా ఆఫీసుల్లో అర్జీ పెట్టుకోవాలి. ఓపిక కావాలి, ఫైలు కదలాలి.

అనుమతి తీసుకుని వేస్తే అది గ్రాఫిటీయే కాదు అనే కుర్రాళ్లున్నారు. వాళ్లతో నేను వాదించను. ఈక్వడార్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన లేడీ పింక్ 1979 నుంచి 1985 దాకా సబ్‌వే రైళ్ల మీద వేసింది. మొదలుపెట్టినప్పుడు 15 ఏళ్లు. మగపిల్లల మధ్య రాత్రిళ్లు యార్డుల్లో దూరి వేసిన ఆ పిల్ల గురించి చదివితే నాకు ఒళ్లు పులకరిస్తుంది. అయినా నేను రాత్రి వేయను. వీధి లైటు వెలుగులో రంగు సరిగ్గా తెలియదు. పైగా మన దగ్గర ఆడపిల్ల పట్టపగలు, రోడ్డు మధ్యలో, నిచ్చెనెక్కి నాలుగు రోజులు నిలబడితేనే వీధంతా ఆగి చూస్తుంది. రాత్రి దొంగతనంగా వేయడానికి ఎంత ధైర్యం కావాలో దానికీ అంతే కావాలి.

డబ్బాలు, మూతలు

ఏదైనా కొనే ముందు ఒక ఆదివారం ఖైరతాబాద్ దగ్గర ఎంఎస్ మక్తాకి వెళ్లి రండి. 2016లో స్టార్ట్ ఇండియా అనే వీధి కళల సంస్థ వాళ్లు దేశ విదేశాల ఆర్టిస్టులని తెచ్చి ఆ బస్తీ ఇళ్ల గోడల మీద బొమ్మలు వేయించారు. కొత్తలో అందరూ సెల్ఫీలకి వెళ్లారు. మీరు ఇప్పుడు వెళ్లి, ఎండకి ఏ రంగు పోయింది, ఏది నిలబడిందో చూడండి. గులాబీ, నిమ్మపసుపు లాంటి మెరుపు రంగులు పడమటి ఎండకి తొందరగా వెలుస్తాయి. ఎర్రమట్టి, గోపీచందనం, నలుపు, ఈ ఆక్సైడ్ రంగులు మొండివి. అందుకే నేను పడమటి గోడకి మట్టి రంగులే ఎంచుకుంటాను.

మొదటి గోడకి స్ప్రే డబ్బాలు ఎక్కువ కొనకండి. పనిలో ముప్పావు వంతు ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ (నీళ్లు కలిపి బయటి గోడలకి వేసే రంగు), రోలర్, బ్రష్‌తోనే అవుతుంది. తెల్ల ఎమల్షన్ నాలుగు లీటర్లు, దానిలో కలుపుకోవడానికి స్టెయినర్లు నాలుగైదు రంగులు తీసుకుంటే ఇరవై అడుగుల గోడకి నేపథ్యం అయిపోతుంది. లీటరుకి రెండు కోట్లలో సుమారు 50 చదరపు అడుగులు లెక్క వేసుకోండి. గీతలకి, నీడలకి, మెరుపులకి మాత్రం స్ప్రే.

నేను రాణిగంజ్‌లో కొంటాను. మొదటిసారి వెళ్లినప్పుడు షాపాయన "ఇంటికా, బండికా?" అని అడిగాడు. "గోడ మీద బొమ్మకి" అన్నాను. "ఎవరు వేస్తరు?" అన్నాడు. ఇప్పుడు నన్ను చూడగానే కుర్రాడికి చెప్పి నలుపు నాలుగు, తెలుపు నాలుగు కౌంటర్ మీద పెట్టిస్తాడు.

హార్డ్‌వేర్ షాపులో దొరికే డబ్బా బండి మీద గీత పడితే కొట్టడానికి చేసింది. ప్రెషర్ ఎక్కువ, రంగు చిమ్ముతుంది, నొక్కితే రంగు వచ్చే మూత, అంటే క్యాప్, ఒకటే రకం. గ్రాఫిటీ కోసం చేసిన డబ్బాలు ఖరీదు ఎక్కువ, కానీ ప్రెషర్ తక్కువగా, చెప్పిన మాట వింటాయి. వాటి క్యాప్ పీకి ఇంకోటి పెట్టుకోవచ్చు. సన్న గీతకి స్కిన్నీ, నింపడానికి ఫ్యాట్. చేయి కుదిరే దాకా లోకల్ డబ్బా చాలు. మొండి డబ్బాతో నేర్చుకున్న చేయి మంచి డబ్బాతో పరుగెడుతుంది.

డబ్బాని రెండు నిమిషాలు ఊపండి, లోపల గోళీ చప్పుడు స్వేచ్ఛగా రావాలి. గోడకి జానెడు దూరం ఉంటే మెత్తటి అంచు, నాలుగు వేళ్ల దూరం ఉంటే పదునైన గీత. చేయి కదిలాక నొక్కాలి, చేయి ఆగక ముందే వేలు తీయాలి. ఆగిన చోటల్లా రంగు కారుతుంది. కారిందని గుడ్డతో తుడవకండి, ఇంకా పాడవుతుంది. ఆరనిచ్చి, పైన నేపథ్యం రంగు కొట్టండి. పని అయ్యాక డబ్బా తలకిందులు చేసి గాలి మాత్రమే వచ్చే దాకా కొడితే క్యాప్ మూసుకుపోదు. ఎండాకాలం స్కూటీ డిక్కీలో డబ్బాలు వదిలేయకండి. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, మే నెలలో డిక్కీ లోపల అంత వేడి సులువుగా వస్తుంది.

మాస్క్ దగ్గర పిసినారితనం వద్దు. ఎన్95 రంగు తుంపరని ఆపుతుంది కానీ సాల్వెంట్ ఆవిరిని ఆపదు. రెండు వైపులా కార్బన్ క్యాట్రిడ్జ్‌లున్న రెస్పిరేటర్ కొనండి. అది పెట్టుకున్నాక కూడా వాసన తెలుస్తోందంటే క్యాట్రిడ్జ్ అయిపోయినట్టు, లేదా మాస్క్ ముఖానికి సరిగ్గా అతకనట్టు. కడుపుతో ఉన్నవాళ్లు స్ప్రే జోలికి పోకుండా, బ్రష్ పని కూడా డాక్టర్‌ని అడిగాకే చేయండి.

తెలుగులో రాయడం

గ్రాఫిటీకి పుట్టిల్లు అక్షరం. ఢిల్లీలో మొదలుపెట్టి డిజీ పేరుతో గ్రాఫిటీ వేసిన కాజల్ సింగ్ పని చూస్తే అక్షరాలు ఎలా ఉబ్బుతాయో తెలుస్తుంది. కానీ అవి ఇంగ్లీష్ అక్షరాలు. వాటికి నిలువు కాళ్లుంటాయి, ఒకదాని మీద ఒకటి ఆనుకుని నిలబడతాయి. మన అక్షరాలు గుండ్రంగా దొర్లిపోతాయి. ఇంగ్లీష్ స్టైల్‌ని తెలుగుకి తొడిగితే మేనల్లుడి ప్యాంటు తాతకి వేసినట్టుంటుంది. నేను ఏడాది పాటు అదే తప్పు చేశాను.

దారి చూపించింది మా నాయన పాత సైన్‌బోర్డులే. తెలుగు అక్షరాన్ని ఆయన మణికట్టుతో రాయడు, భుజంతో తిప్పుతాడు. స్ప్రే కూడా అంతే. రెండడుగుల సున్నా మణికట్టుతో కొడితే గుమ్మడికాయ వస్తుంది. కాళ్లు ఎడంగా పెట్టి, నడుము ఊగుతుండగా భుజం తిప్పితే గుండ్రంగా వస్తుంది. పాత న్యూస్‌పేపర్లు గోడకి అంటించి రోజుకి యాభై సున్నాలు కొట్టండి. తర్వాత ఠ, ర, గ, న.

ఒకసారి "స్త్రీ" అని రాసి చూడండి. కింద త ఒత్తు, పైన గుడిదీర్ఘం, ఇవి చాలవన్నట్టు ర ఒత్తు ఎడమ పక్కన కింద నుంచి చుట్టుకుని వస్తుంది. ఒక్క అక్షరంలో మూడంతస్తుల బిల్డింగ్. ఆరడుగుల గోడ మీద స ఎంత ఎత్తు ఉండాలి? నేను చేసేది ఇది: గోడ ఎత్తుని ఐదు భాగాలు చేస్తాను. అట్టడుగు భాగం ఖాళీ, ముదురు రంగు పట్టీ, ఎందుకంటే వాన పడితే రోడ్డు బురద అక్కడికే చిమ్ముతుంది. దాని పైభాగం ఒత్తులకి. మధ్యలో రెండు భాగాలు స శరీరానికి. పై భాగం గుడిదీర్ఘానికి. ర ఒత్తుని మాత్రం ఈ లెక్కలో పెట్టను. దాన్ని ఎడమవైపు రెండడుగులు బయటికి లాగి, కిటికీ దాకానో గేటు దాకానో పాకనిస్తాను. అక్షరాలని మెలికలు తిప్పి అల్లే వైల్డ్‌స్టైల్ వాళ్లు ఇంగ్లీష్ అక్షరాలకి బాణాలు, తోకలు అతికిస్తారు. మనకి ఆ తోకలు పుట్టుకతోనే ఉన్నాయి, సాగదీస్తే చాలు.

ట్యాగ్, అంటే గోడ మీద మీ సంతకం, అది కూడా తెలుగులో పెట్టుకోండి. నాది ఱ. బండి ర. గుఱ్ఱం మీద నుంచి కూడా దాన్ని దించేశారు, నేను ఎక్కించుకున్నాను.

చిన్న కాగితం, పెద్ద గోడ

బొమ్మని పెంచడానికి మా నాయన వాళ్లు గళ్లు కొట్టేవాళ్లు. కాగితం మీద సెంటీమీటరు గడి, గోడ మీద అడుగు గడి. నీలం పొడి పట్టించిన దారాన్ని ఇద్దరు అటూ ఇటూ పట్టుకుని మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. ఇప్పటికీ బాగా పనిచేసే పద్ధతే, కాకపోతే ఇద్దరు మనుషులు కావాలి.

ఒంటరిగా చేసేవాళ్లకి ఇంకో పద్ధతి. గోడ నిండా పిచ్చి గీతలు, గుర్తులు, ఏవైనా సరే వేసి, ఎదురుగా నిలబడి ఫోటో తీయాలి. ఫోన్‌లో ఆ ఫోటో మీద మీ బొమ్మని పలచగా పరిస్తే, ముక్కు ఏ గుర్తు మీదకి వచ్చింది, చెవి ఏ గుర్తు పక్కన ఉంది అన్నది తెలుస్తుంది. ఆ గుర్తులు పట్టుకుని గీసుకుంటూ పోవడమే. నేను పిచ్చి గీతల బదులు అ నుంచి ఱ దాకా వర్ణమాల రాస్తాను. "ఎడమ కన్ను ఘ పొట్టలో, పెదవి చివర ఢ తోక మీద" అని నాకు నేను చెప్పుకోవడం తేలిక.

చిలకలగూడలో ఒక గోడ మీద ఇలాగే అక్షరాలన్నీ రాసి నిచ్చెన దిగుతున్నాను. పక్కింటి ముసలామె చాలాసేపటి నుంచి చూస్తోంది. దగ్గరికి వచ్చి, "బడి పెడుతున్నవా బిడ్డా? మా మనవడికి ఐదేండ్లు, ఫీజెంత?" అంది. బొమ్మ కోసమని చెబితే ముఖం చిన్నబోయింది. మర్నాడు అక్షరాల మీద రంగు పడుతుంటే ఆ మనవణ్ని తీసుకొచ్చి నా వెనకే కూర్చోబెట్టింది. ఒక్కో అక్షరం మూసేసేటప్పుడు వాడు దాని పేరు అరిచేవాడు.

రోడ్డు మీద నాలుగు రోజులు

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను: మొదటి రోజు రంగు డబ్బా తెరిచే ముందు బాత్రూం ఎక్కడో చూసుకోండి. గోడ ఇంటావిడతో ముందే మాట్లాడి పెట్టుకోండి, మొహమాటపడొద్దు. అది కుదరకపోతే పెట్రోల్ బంక్ ఎంత దూరమో చూడండి. నీళ్లు తాగకుండా పని చేసి ఒక ఎండాకాలం యూరిన్ ఇన్‌ఫెక్షన్‌తో వారం మంచంలో పడ్డాను.

చున్నీ వద్దు, నిచ్చెన మెట్టుకి చుట్టుకుంటుంది. ఫుల్ హ్యాండ్స్ కాటన్ చొక్కా, గ్రిప్పున్న బూట్లు. పన్నెండు అడుగులు దాటితే నిచ్చెన వద్దు, పరంజా కట్టించండి. ఆ ఖర్చు బిల్లులో చేర్చండి. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోకండి.

గోడకి ముఖం, రోడ్డుకి వీపు పెట్టి పని చేయడంలో ఒక టెన్షన్ ఉంటుంది. వెనక ఎవరు ఆగారో తెలియదు. నేను పాత స్కూటీ అద్దం ఒకటి నిచ్చెనకి కట్టుకున్నాను. బండి ఆపి ఊరికే చూసేవాడెవడు, వీడియో తీసేవాడెవడు, అద్దంలో కనిపిస్తుంది. "క్యా బనారే బాజీ?" అని అడిగేవాళ్లకి జవాబు చెబుతాను. నోరు జారేవాళ్లకి చెప్పను. దిగి వెళ్లి టీ కొట్టు అక్క పక్కన నిలబడతాను, మిగతాది ఆమె చూసుకుంటుంది. అందుకే మొదటి రోజు మొదటి టీ ఆమె దగ్గరే తాగాలి, డబ్బులు అక్కడే ఇవ్వాలి, బొమ్మ ఎలా ఉందో ముందు ఆమెనే అడగాలి.

పనికి అక్టోబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో తప్పకపోతే తెల్లారి ఐదున్నరకి మొదలుపెట్టి పదికి ఆపేయండి. ఎండెక్కిన గోడ మీద ఎమల్షన్ బ్రష్ మీదే గట్టిపడుతుంది. వినాయక చవితి రోజుల్లో మండపం ఉన్న గల్లీలో గోడ ఒప్పుకోకండి, నిచ్చెన పెట్టే చోటు ఉండదు.

డబ్బు మాట

చదరపు అడుగు లెక్కన చెప్పండి, రంగుల ఖర్చు వేరుగా రాయండి, సగం అడ్వాన్స్ తీసుకోండి. ఒక కేఫ్ ఆయన 300 అడుగుల గోడ చూపించి, "మీకు పేరొస్తుంది కదమ్మా" అన్నాడు. ఆ నెల మా ఇంటి అద్దెకి పేరు ఇవ్వొచ్చేమో అడగమన్నాను. ఇంకో చోట నా పక్కనే పని చేసిన కుర్రాడికి నాకన్నా ఎక్కువిచ్చారు. "ఆయన పైన వేశాడు, మీరు కింద" అన్నారు. అప్పటి నుంచి నేనే పైన వేస్తున్నాను. 2014లో ఢిల్లీ పోలీస్ హెడ్‌క్వార్టర్స్ గోడ మీద గాంధీ బొమ్మ వేసిన ఇద్దరిలో ఒకరు అన్పు వర్కీ. ఎత్తు ఆడవాళ్లకి పడదనేవాళ్లకి ఆ ఫోటో ఫోన్‌లో చూపిస్తాను.

పని అయ్యాక ఫోటో ఆ రోజే తీసుకోండి, పొద్దున ఎనిమిదింటికి, ఎదుటి నుంచి, బండ్లు లేనప్పుడు. పెళ్లికో ఎన్నికలకో ఆ గోడకి ఎప్పుడు సున్నం పడుతుందో మీ చేతుల్లో లేదు. మిగిలిన రంగుల్ని చిన్న డబ్బాల్లో పోసి, మూత మీద ఏ రంగు ఎక్కడిదో రాసి ఓనర్ ఇంట్లో ఇవ్వండి. ఆటో రాసుకుపోయినా, ఎవరైనా మేకు కొట్టినా, అతుకు వేసుకోవచ్చు.

చిలకలగూడ గోడ రంగులు ఓనర్ ఊళ్లో లేకపోతే టీ కొట్టు అక్క దగ్గర పెట్టాను. మొన్న అటు వెళ్తే గోడ బాగానే ఉంది. అక్క బల్ల, స్టూళ్లు, సిలిండర్ పెట్టుకునే డబ్బా, అన్నీ నా ఆకాశం నీలంలో మెరిసిపోతున్నాయి. బల్ల అంచు అప్పుడే పెచ్చులు లేస్తోంది. ప్రైమర్ వేయలేదు.